చుట్టుసీమ చుట్టుకొలత

నవనీత కోరుట్ల బస్టాండు వెనక ఒక ఆన్‌లైన్ సెంటరులో పనిచేసేది. ఆధార్‌లో పేరు తప్పుపడ్డవాళ్లు, గల్ఫుకు పోవడానికి కాగితాలు సిద్ధం చేసుకునేవాళ్లు, పింఛను ఆగిపోయిన ముసలివాళ్లు పొద్దంతా ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని లేచిపోతుండేవారు. వాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫోనులో కథలు వినిపించే ఒక యాప్‌లో నలభై వేలమంది చెవులప్పగించి వినే 'చుట్టుసీమ' ఈమెదే. రాసేది ఈమే, చదివేది ఈమే. మూడేళ్లలో నూట పన్నెండు భాగాలు చెప్పింది.

చుట్టుసీమ మన భూమి కాదు, ఆమె కట్టుకున్న వేరే లోకం. అక్కడ ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఊరు. నీళ్ల అంచుతో లోకం అయిపోయిందని ఆ ఊరి పెద్దల నమ్మకం. నీల అనే పిల్ల ఆ మాట ఒప్పుకోదు. "పడమటికి పోత, తూర్పుదిక్కు నుంచి మీ ముంగటికొస్త" అని పందెం కట్టి, నాట్లు వేసేనాడు బయల్దేరుతుంది. ఏ ఊళ్లోనూ రెండోపూట నిలవకుండా రోజుకు ముప్పై కిలోమీటర్ల చొప్పున నడుస్తుంది. సరిగ్గా రెండు వందల పదో రోజున తూర్పు పొలిమేరలో అడుగుపెడుతుంది. దారి పొడుగునా ఆమె పడ్డ పాట్లే కథ.

ఆ కథను పుస్తకంగా వేస్తానని జగిత్యాలలో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్న శ్వేత ముందుకొచ్చింది. ప్రూఫులు చూడటం అయిపోయింది, అట్టబొమ్మ కూడా వచ్చేసింది. ఇంకో పదిరోజుల్లో ప్రెస్సుకు వెళ్తుందనగా శ్రోతల గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చి పడింది. మాటల వెనక యంత్రాల చప్పుడు టకటకా వినిపిస్తోంది.

"నమస్తే చెల్లె. నా పేరు దేవేందర్. మాది సిరిసిల్ల దగ్గర తంగళ్ళపల్లి. సాంచాల మీద బట్ట నేస్త. చెవులల్ల ఇయర్‌ఫోన్ పెట్టుకొని నీ కథ మొదటికెల్లి ఇంటున్న. నీల మస్తు నచ్చింది. కని ఒక్క మాట. భూమి సుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు. మనిషి దినాం ముప్పై నడిచినా పదమూడు వందల రోజులు దాటుతది. అంటె మూడున్నరేండ్ల పైన. మరి నీల ఏడు నెలలల్ల ఎట్ల తిరిగొచ్చింది? బుక్కు అచ్చుగాక ముందే సరిజేసుకుంటె మంచిదని చెప్తున్న. ఏమనుకోకు."

గ్రూపులో గొడవ మొదలైంది. నిజమే కదా అన్నవాళ్లు కొందరు, కథకు లెక్కలేందని విసుక్కున్నవాళ్లు కొందరు. మధ్యాహ్నానికి శ్వేత ఫోన్ చేసింది.

"అక్కా, గాయన చెప్పింది కరెక్టే గద. ఏడు నెలలు తీసి నాలుగేండ్లు పెడుదామా? నాలుగైదు చోట్ల మారుస్తె అయిపోతది."

"నీల నడిచింది భూమ్మీద కాదు గదా శ్వేతా."

"సరే, కాదు. మరి గా లోకం ఎంతుంటది?"

నవనీత మూడేళ్లుగా ఆ లోకంలో ఏ వాగుకు ఏ పేరో, ఏ ఊళ్లో ఏం వండుకుంటారో తడుముకోకుండా చెప్పేది. లోకం ఎంత అని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు, తనను తాను అడుక్కోలేదు. అయినా ఆమె గొంతు తడబడలేదు.

"నాలుగు రోజులు టైమియ్యి. కొలిచి చెప్త."

"ఎట్ల కొలుస్తవక్కా? లేని లోకం."

"నూట పన్నెండు భాగాలు చెప్పిన. గంత చెప్పినంక దానికో సైజు ఉండకుంట ఎట్లుంటది? మనకు తెల్వదు గంతే."

ఆమె ఆ మాట ధీమాగానే అంది. ఇంటరులో లెక్కలు చదివింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయింది కానీ లెక్కలంటే బెదురు ఏనాడూ లేదు. సెంటరు మూశాక ఇంటికి వెళ్లి కొత్త నోటుబుక్కు తీసింది. మొదటి లెక్క చిటికెలో తేలింది. రెండు వందల పది రోజులు, రోజుకు ముప్పై. ఆరువేల మూడు వందల కిలోమీటర్లు. అది చుట్టుకొలత అనుకుంటే, నడిమధ్య నుంచి నేల దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లు. మన భూమికి అదే ఆరువేల మూడు వందల డెబ్బై. అంటే చుట్టుసీమ భూమి పక్కన పెడితే గుమ్మడికాయ పక్కన నిమ్మకాయంత.

'చిన్నదే' అనుకుంది నవనీత. 'ఉండనీ.'

కానీ ఒక్క లెక్కతో శ్వేత ఒప్పుకోదని, దేవేందర్ అసలే ఒప్పుకోడని ఆమెకు తెలుసు. నడకను బట్టి సైజు చెప్పి, ఆ సైజును బట్టి నడక సరిపోయిందంటే అది తన తోక తాను పట్టుకున్నట్టే. వేరే సాక్ష్యం కావాలి. అందుకని తన కథను తానే మొదటి నుంచి వినడం మొదలుపెట్టింది. దూరం, రోజులు, ఎత్తు, ఇలాంటి మాట ఎక్కడ వినిపిస్తే అక్కడ ఆపి రాసుకుంది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, సెంటరులో మనుషులు లేనప్పుడూ విన్నది. మస్కట్‌లో క్రేన్ నడిపే భర్త ముత్యం సాయంత్రం ఫోన్ చేస్తే, "ఆగు, అరవై ఒకటో భాగం నడుస్తున్నది" అని పెట్టేసింది.

ఆ అరవై ఒకటిలోనే మొదటి దెబ్బ తగిలింది. అందులో ఒక ఉప్పు వర్తకుడి ఓడ రోజుకు వంద కిలోమీటర్ల లెక్కన ఎనభై రోజులు ఒకే దిక్కుకు పోతుంది. ఎనిమిది వేల కిలోమీటర్లు. లోకమే ఆరువేల మూడు వందలైతే ఆ ఓడ తన రేవునే దాటుకుని ఇంకా ముందుకు పోయి ఉండాలి. నవనీతకు నవ్వొచ్చింది. ఎనభైని ఇరవై చేసింది. ఆ వర్తకుడు అన్ని రోజులు సముద్రం మీద ఉండాల్సిన అవసరం కథలో ఎక్కడా లేదు. ఏదో బరువుగా వినబడుతుందని అప్పట్లో అలా రాసింది.

తొమ్మిదో భాగం ఒక్కటి మాత్రం వినకుండా దాటేసింది. వినక్కర్లేదు, ఆమెకు కంఠతా వచ్చు. ఆ భాగంలో నీల వాళ్ల అన్న కొమురన్న తాటిచెట్టు ఎక్కుతాడు. నేల మీద నిలబడితే కనిపించని లంక ఒకటి, చెట్టు కొనకు చేరాక సరస్సు అంచున సన్నటి గీతలా కనిపిస్తుంది. "లోకం ఇక్కడ అయిపోలేదు చెల్లే" అని అరుస్తాడు. దిగబోతూ జారి పడి చనిపోతాడు. అన్న చూసిన చోటు నిజమని చూపడానికే నీల బయల్దేరుతుంది.

నవనీతకు ఒక అన్న ఉండేవాడు. పేరు రమేశ్. మేడిపల్లిలో తండ్రి రాజేశంతో పాటు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. పదకొండేళ్ల కింద ఒకనాడు పొద్దున్నే చెట్టు మీది నుంచి పడ్డాడు. ఆసుపత్రి దాకా కూడా పోలేదు. ఆ తర్వాత రాజేశం మళ్లీ చెట్టెక్కే మోకు కట్టలేదు. ఊరు వదిలి కోరుట్లకు వచ్చి, ఒక ఫంక్షన్ హాలుకు కాపలా పనిలో చేరాడు.

మూడో రోజు మధ్యాహ్నం, ఎవరిదో పాస్‌పోర్టు ఫారం నింపుతూ ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది. కొమురన్న ఎక్కిన చెట్టు నలభై మూరలు. మూర అంటే నలభై అయిదు సెంటీమీటర్లు, అంటే పద్దెనిమిది మీటర్లు. లంక ఒడ్డు రెండు కోసుల దూరంలో ఉందని కూడా చెప్పింది. చుట్టుసీమలో కోసంటే మూడు కిలోమీటర్లని ముప్పయ్యో భాగంలో ఉంది. చెట్టు మీది నుంచి ఆరు కిలోమీటర్ల దాకానే కనిపించింది, ఆ పైన లేదు. ఎందుకు కనిపించలేదు? నేల వంగింది కాబట్టి. ఎంత వంగితే ఆరు కిలోమీటర్ల దగ్గరే చూపు ఆగుతుంది?

ఆ లెక్క ఎలా వేయాలో ఆమెకు తట్టలేదు. ఎవరిని అడగాలో మాత్రం వెంటనే తట్టింది. తప్పు పట్టినవాడినే అడిగితే ఇక వాదించడానికి ఏమీ మిగలదు. దేవేందర్ నంబరుకు ఫోన్ చేసింది.

"అన్నా, నేను చుట్టుసీమ నవనీతను."

అటు చప్పుడు చాలా ఉంది. "ఆగు చెల్లె, ఆగు, బయటికొస్తున్న" అన్నాడు. చప్పుడు దూరమైంది. "చెప్పు. కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? ఒక లెక్క కావాలె. చెట్టెక్కి సూస్తె ఎంత దూరం కనబడ్డదో తెలిస్తె, నేల ఎంత పెద్దదో చెప్పొచ్చా?"

"ఎందుకు చెప్పరాదు? మంచిగ చెప్పొచ్చు. కనబడ్డ దూరాన్ని దాంతోనే గుణించు. చెట్టు ఎత్తును రెండింతలు జెయ్యి. దాన్ని దీంతోని భాగించు. నడిమిట్లకెల్లి నేల దాకా ఎంతనో వస్తది."

"గంతేనా?"

"గంతే. మూడు గీతలు గీస్తె సమకోణ త్రిభుజమైతది. పదో తరగతి లెక్క. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివిన చెల్లె, పరీక్షలు రాయలే గని చదివిన. చెప్పు, ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లు."

"ఆరార్ల ముప్పయ్యారు. చెట్టెంత?"

"పద్దెనిమిది మీటర్లు."

"రెండింతలు ముప్పయ్యారు మీటర్లు..." ఆయన ఆగాడు. "ముప్పయ్యారు కిలోమీటర్లను ముప్పయ్యారు మీటర్లతోని... వెయ్యి. చెల్లె, వెయ్యి కిలోమీటర్లు వచ్చింది."

నవనీత కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎదుట కూర్చున్న పాస్‌పోర్టు మనిషి కంగారుపడి తానూ లేచాడు.

"నీల నడక లెక్కల ఎంతొచ్చిందో తెలుసా అన్నా? వెయ్యే. రౌండుగ వెయ్యే."

దేవేందర్ నోట్లో నోట్లో లెక్క వేసుకుంటున్నట్టు వినిపించింది. "చెట్టు లెక్కన సుట్టుకొలత ఆరువేల రెండు వందల ఎనభై మూడు. నీల నడిచింది ఆరువేల మూడు వందలు. పదిహేడు కిలోమీటర్ల తేడా. ఒక్క రోజు నడక గూడ కాదు." గట్టిగా నవ్వాడు. "ముందే లెక్కేసుకొని రాసినవా?"

"లే. చెట్టు సంగతి మొదటి నెలల రాసిన. నడక సంగతి మొన్న మొన్న."

"మరెట్ల కలిసింది?"

"ఏమో. నా లోకం కాబట్టి కలిసిందేమో" అంది నవనీత. గొప్పకు అన్నది కాదు. ఆ క్షణాన ఆమెకు నిజంగానే అలా అనిపించింది. ఇన్నాళ్లూ తాను అల్లుతున్నానని అనుకున్నది, ఎక్కడో ముందే గట్టిగా నిలబడి ఉన్నట్టు.

ఫోన్ పెట్టేసే ముందు దేవేందర్ గొంతు సవరించుకున్నాడు. "చెల్లె, సైజైతె తేలింది. కని సైజు తేలినంక దాని ఎనుక ఇంకోటి వస్తది. బరువు. ఫోన్ల చెప్పేది కాదు. ఐతారం మా ఇంటికి రా. మా రాణి గూడ నీ కథ ఇంటది, నిన్ను సూస్తనంటది."

ఆదివారం పొద్దున నవనీత బస్సెక్కి వేములవాడ మీదుగా సిరిసిల్లలో దిగింది. అక్కడి నుంచి ఆటోలో మానేరు వంతెన దాటి తంగళ్ళపల్లి చేరింది. దేవేందర్‌కు యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు. భార్య రాణి గడపలోనే ఎదురొచ్చి నవనీత రెండు చేతులూ పట్టుకుంది.

"గొంతు ఇంత పెద్దగుంటె మనిషి గూడ పెద్దగుంటదనుకున్న" అని నవ్వి, చాయ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

దేవేందర్ నోటుబుక్కు తెరిచాడు. ఆయన మాట మెల్లగా, ఒక్కో పోగూ సరిచూసుకుంటున్నట్టు సాగింది.

"నేల గుంజుకుంటేనే మనకు బరువు. మన మట్టి లాంటి మట్టే ఉండి, సైజు ఆరోవంతు కన్న కొంచెం తక్కువైతె, గుంజుడు గూడ గంతకు తగ్గుతది. ఈడ అరవై కిలోలున్న మనిషి ఆడ తొమ్మిదిన్నర కిలోలున్నట్టు. ఈడ అడుగెత్తు ఎగిరెటోడు ఆడ ఆరడుగులు ఎగురుతడు."

"నీల నడుస్తుంటె గాల్ల తేలినట్టుంటదా?"

"తేలినట్టే. ఇంకో కష్టముంది. గంత తక్కువ గుంజుడుకు గాలి నిలువది. మెల్లగ ఎగిరిపోతది."

నవనీత తల అడ్డంగా ఊపింది. "గాలిని నేను నిలబెడుత అన్నా. గదొక్కటి నాకు ఇడిసిపెట్టు. కథ చెప్పెదానికి గంత హక్కు లేదా?"

"ఉంది, ఉంది" అన్నాడు దేవేందర్ నవ్వుతూ. తరువాత నవ్వు తగ్గించి పేజీ తిప్పాడు. "గాలి సంగతి ఎవరు అడగరు. కని దీన్ని అడుగుతరు. తొమ్మిదో భాగం. కొమురన్న."

నవనీత ఆ పేజీని తన వైపు తిప్పుకుంది.

"నలభై మూరల చెట్టు మీదికెల్లి ఆడ పడుడంటె, ఈడ తొమ్మిదడుగుల గోడ మీదికెల్లి పడ్డట్టు. ఈడ రెండు సెకండ్ల లోపల కింద పడుతడు. ఆడ ఐదు సెకండ్లు పడుతది. కాలు ఇరుగుతదేమో. సావడు చెల్లె. సచ్చే లెక్క లేదు."

రాణి చాయ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది. నవనీత కప్పు అందుకోలేదు. ఆమె కళ్లు నోటుబుక్కులోని అంకెల మీదే ఉన్నాయి. దేవేందర్ ఆమె మౌనాన్ని మరోలా అర్థం చేసుకున్నాడు.

"పరేషాన్ గాకు. అతను సావాలంటె దానికో తొవ్వ ఉంది. లోపలి మట్టి బరువు పెంచాలె. బంగారం కన్న దాదాపు రెండింతలు బరువున్న మట్టి అని ఒక్క లైను రాస్తె, గుంజుడు మన భూమి లెక్కనే అయితది. కథ మొత్తం ఎట్లున్నది అట్లనే ఉంటది."

"వద్దు" అంది నవనీత.

"ఏంది వద్దు?"

"గా లైను రాయను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మా అన్న గట్లనే పడ్డడు అన్నా. రమేశ్ పేరు. నలభై మూరల చెట్టే. గందుకే నలభై రాసిన."

దేవేందర్ పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు. రాణి వచ్చి నవనీత పక్కన కూర్చుంది. పక్కింట్లో టీవీ మోగుతోంది.

"నాకు తెల్వక చెప్పిన" అన్నాడు దేవేందర్ చివరికి.

"మంచిదే చెప్పినవు. ఇంకోసారి చెప్పు. ఐదు సెకండ్లా?"

"ఐదుకు రవ్వంత తక్కువ."

"కింద పక్క చెట్టు కాడ ఎవరన్న ఉంటె, పది ఇరవై అడుగుల దూరంల, ఉరికి అందుకుంటరా?"

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించాడు. "ఉరుకుడు ఆడ కష్టం, కాళ్లు నేల మీద నిలువయి. కని పుట్టినకాడికెల్లి గా నేల మీదనే ఉన్నోళ్లకు అలవాటుంటది. అందుకుంటరు. బరువు తగ్గుతది గని తాకుడు తగ్గది, గది మాత్రం మరువకు. పట్టుకున్నోడు, పడ్డోడు ఇద్దరు దొర్లుతరు. దొర్లి లేస్తరు."

నవనీత ఆ మాట తన నోటుబుక్కులో రాసుకుంది. చాయ చల్లారిపోయింది. అయినా పూర్తిగా తాగి, రాణికి కప్పు ఇచ్చి లేచింది.

కోరుట్లలో బస్సు దిగేసరికి ఇంకా పొద్దుంది. ఆమె ఇంటికి పోకుండా ఫంక్షన్ హాలుకు నడిచింది. ఆ రోజు పెళ్లేమీ లేదు. రాజేశం గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కడుతున్నాడు. అరవై దాటినా ఆయన కట్టిన ముడి ఇప్పటికీ ఎవరూ విప్పలేరు.

"ఏంది బిడ్డా, గీ యాళ్లకొచ్చినవు?"

"సిరిసిల్ల పోయిన బాపు. కథ పనుండె." ఆమె ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. తండ్రి కథ వింటాడని ఆమెకు తెలుసు. కాపలా కూర్చున్నప్పుడు ఫోను బెంచీ మీద పెట్టుకుని వినేవాడు. ఎన్నడూ బాగుందని కానీ బాగా లేదని కానీ అనలేదు. "బాపూ, తొమ్మిదో భాగం ఇన్నవా?"

రాజేశం తాడు బిగించాడు. "లే. ఎనిమిది ఇన్న, పది ఇన్న. మీ అమ్మ ఇని చెప్పింది అండ్ల ఏముందో."

నవనీత లెక్క మొత్తం చెప్పింది. నేల ఎంత చిన్నదో, బరువు ఎందుకు తగ్గుతుందో, తొమ్మిదడుగుల గోడ సంగతి. చదువుకున్నవాళ్లకు చెప్పినట్టే తండ్రికీ చెప్పింది, ఏదీ దాచలేదు. ఆయన వింటూ పక్క కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అంతా అయ్యాక అడిగాడు.

"అంటె గాడ చెట్టు మీదికెల్లి పడ్డా మనిషి సావడా?"

"సావడు బాపు. కాలు బెణుకుతది, ఇరుగుతది. గంతే."

"మరెందుకు సంపినవు బిడ్డా?"

ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. చిన్నపిల్లను ఎందుకు పడిపోయావని అడిగినట్టు అడిగాడు.

"అప్పుడు నాకు లెక్క తెల్వది."

రాజేశం కుర్చీలో కూర్చున్నాడు. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని గేటు అవతలి రోడ్డు కేసి చూశాడు. పదకొండేళ్లుగా ఆయన నోట రాని మాట అప్పుడు వచ్చింది.

"నేను పక్క చెట్టు మొదట్ల ఉన్న. ఇరవై అడుగులుంటది. వాని మోకు జారిన సప్పుడు ఇన్న. ఉరికిన. మూడడుగులేసిన్నో నాలుగేసిన్నో. అప్పటికే అయిపోయింది." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "గంత జల్ది అయిపోతదని ఎవలకు తెలుసు."

"ఈడ రెండు సెకండ్ల కన్న తక్కువ బాపు. ఎవ్వలు అందుకోలేరు. ఎంత ఉరికినా, ఎవ్వలైనా."

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆ మాటను లోపల తూకం వేసుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు. "ఎవ్వలైనా?" అని మళ్లీ అడిగాడు.

"ఎవ్వలైనా. రాసి లెక్కేసి సూపిస్త. గాడ మాత్రం ఐదు సెకండ్లు."

రాజేశం తల ఊపాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఐదంటె చాలు" అన్నాడు. "ఐదుంటె నేను ముట్టుదును."

మర్నాడు శ్వేతతో ఫోనులో పెద్ద వాదనే జరిగింది.

"అక్కా, లోకం సైజు దొరికిందంటివి, మంచిగుంది. కని తొమ్మిదో భాగం మారుస్తనంటె ఎట్ల? అందరు ఏడ్చింది అండ్లనే. గదే ఎక్కువమంది ఇన్నది. అన్న సావకపోతె నీల ఎందుకు బయల్దేరుతది?"

"అన్న కాలిరిగి మంచాన పడ్డడు. లంక కనబడ్డదంటె ఊరోళ్లు నమ్ముతలేరు, చెట్టు మీదికెల్లి పడి మతి పోయిందంటున్నరు. తాను నడువలేడు. చెల్లెను పిలిచి, నువ్వు పోయి సూసిరా అంటడు. సచ్చిపోయినోని కోసం పోయే నీల కన్న, బతికున్నోని మాట నిలబెట్టెతందుకు పోయే నీల గట్టిగ నడుస్తది."

"ఏడ్చినోళ్లు అడుగుతరక్కా" అంది శ్వేత.

"అడగనీ. లెక్క సూపిస్త. పుస్తకం మొదటి పేజీలనే ఎయ్యి. సుట్టుకొలత ఆరువేల మూడు వందలు, బరువు మనకు ఆరోవంతు. దానికి దేవేందర్ అన్న సాక్షి. నమ్మనోళ్లు సిరిసిల్ల పోయి అడుగుమను."

శ్వేత నవ్వేసింది. "సరే. గురువారం దాక ఇస్త."

నవనీత బుధవారానికే రాసేసింది. కూర్చున్నచోట కూర్చున్నట్టే రాసింది. కొమురన్న జారతాడు. గాలిలో అతని తుండు అతనికంటే వెనకబడి మెల్లగా తేలుతుంది. కింద పక్క చెట్టు మొదట్లో ఉన్న తండ్రి తల ఎత్తి చూస్తాడు, పరుగెత్తుతాడు. అయిదు సెకన్లను ఆమె రెండు పేజీలు రాసింది. తండ్రి అందుకుంటాడు. ఇద్దరూ సరస్సు గట్టు దాకా దొర్లిపోతారు, ఆ దొర్లడంలో కొమురన్న కాలు విరుగుతుంది. దుమ్ము తగ్గాక కొమురన్న చెప్పే మొదటి మాట, "లోకం ఇక్కడ అయిపోలేదు బాపూ." మొదటిసారి రాసినప్పుడు అతను ఆ మాట చెల్లెలితో అరిచాడు. ఇప్పుడు తండ్రి చేతుల్లో ఉండి చెప్పాడు.

ఆ సాయంత్రం సెంటరు షట్టరు సగం దించి, కొత్త భాగాన్ని రికార్డు చేయడానికి కూర్చుంది. రాజేశాన్ని కూడా పిలిచింది. ఆయన స్టూలు మీద కూర్చుని, చప్పుడు కాకుండా చెప్పులు కూడా విప్పి పక్కన పెట్టాడు. నవనీత చదువుతోంది. చెట్టు, లంక, జారిన మోకు. ఆమె కళ్లెత్తలేదు, ఎత్తితే గొంతు మారుతుందని భయం. తండ్రి పరుగెత్తే చోటుకు వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తాడు. ఆమె రికార్డింగు ఆపింది.

"అట్ల చేతులు సాపి ఉరుకడు బిడ్డా. తాళ్లెక్కెటోడు ముందు నడుముకున్న కత్తి తీసి అవతల పారేస్తడు. లేకపోతె పడ్డ పిలగానికి గుచ్చుకుంటది."

"నిజమే" అంది నవనీత. ఆ వాక్యం కొట్టేసి, కత్తిని పారేసింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈసారి ఆయన ఎక్కడా ఆపలేదు. ఇద్దరూ దొర్లుతున్నప్పుడు ఆయన స్టూలు అంచును గట్టిగా పట్టుకున్నాడు, కొమురన్న మాట్లాడగానే వదిలేశాడు. చదవడం అయ్యాక కాసేపు అలాగే కూర్చుని చెప్పులు తొడుక్కున్నాడు.

"మంచిగుంది" అన్నాడు. నూట పన్నెండు భాగాల్లో అదే మొదటిసారి ఆయన ఆ మాట అనడం. తరువాత షట్టరు కింద వంగబోయి ఆగాడు. "ఒకటి అడుగుత. అంత మెల్లగ పడుతయంటివి గద. మరి కల్లు పట్టే మట్టి లొట్టి కింద పడితె పలుగుతదా పలుగదా?"

నవనీత ఫోను అందుకుంది. "ఆగు, దేవేందర్ అన్నను అడుగుత."

"ఆయనకేం తెలుసు, మగ్గం మనిషి" అన్నాడు రాజేశం. "తొమ్మిదడుగులే గద అంటివి. తొమ్మిదడుగులకెల్లి నా చేతుల ఎన్ని పలుగలే. పలుగుతది. రాసుకో."

నవనీత రాసుకుంది.